కొండ ఊరికి బయలుదేరేముందు చదవవలసినవి

మొదటిసారి ఒక కొండ ఊరికి వెళ్ళినప్పుడు నా సంచిలో ఒకే ఒక పుస్తకం ఉండేది. ఏ మలుపులో నిలబడితే సూర్యోదయం బాగా కనిపిస్తుందో, ఏ నెలలో దారులు తెరిచి ఉంటాయో, బస నుంచి శిఖరానికి ఎంత నడవాలో అందులో రాసి ఉంది. ఆ సమాచారమంతా సరైనదే, నాకు ఉపయోగపడింది కూడా. ఊళ్ళో రాతి గోడల ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంటే, నాకు దారి చూపిస్తున్న యువకుడి ద్వారా "ఇంత అందమైన చోటు వదిలేసి మీ పిల్లలు పట్నం ఎందుకు వెళ్ళారమ్మా?" అని అడిగాను. ఆమె నొచ్చుకున్నట్టు కనిపించలేదు. చెయ్యి చాపి పక్కింటి తలుపు చూపించింది. తాళం తుప్పు పట్టి ఉంది, గడపకు ఆనుకుని మోకాలెత్తున గడ్డి పెరిగింది. ఆ పై ఇంటికీ తాళమే. ఆ యువకుడు తర్జుమా చెయ్యవలసిన అవసరం లేకపోయింది. తిరుగు ప్రయాణమంతా ఆ ప్రశ్న నన్ను బాధిస్తూనే ఉంది. దానికి జవాబు ఎంతోమంది ఎన్నో ఏళ్ళ క్రితమే రాసిపెట్టారు. చదివి వెళ్ళి ఉంటే ఆమెను అలా అడిగి ఉండేదాన్ని కాదు.

అప్పటి నుంచి ఏ కొండ ప్రాంతానికి వెళ్ళాలనుకున్నా నెల రోజుల ముందే చదవడం మొదలుపెడుతున్నాను. అలా చదవగా చదవగా నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. కొండను చూసిపోయినవారు రాసిన పుస్తకాలకన్నా, కొండ మీద ఉండిపోయినవారు రాసినవి ముందు చదవాలి. చూసిపోయేవారికి కొండ ఒక దృశ్యం. అక్కడ నాలుగు చలికాలాలు గడిపినవారికి అది కట్టెలమోపు, నీళ్ళ బిందె, పశువుల మేత, తీరని అప్పు, వైద్యుడి దగ్గరకు చేరే దూరం. రెండోది తెలిసినవారికి మొదటిది మరింత బాగా కనిపిస్తుందే తప్ప తగ్గదు.

చూడడం ఎలాగో నేర్పిన పుస్తకంతో మొదలుపెడతాను. స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్ కొండల గురించి నాన్ షెపర్డ్ రాసిన 'ది లివింగ్ మౌంటెన్' చాలా చిన్న పుస్తకం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో రాసిన ఆ ప్రతిని ఆమె దశాబ్దాల పాటు సొరుగులోనే ఉంచుకున్నారు. అది 1977లో గానీ అచ్చు కాలేదు. ఆమె అబర్డీన్‌లో అధ్యాపకురాలిగా పనిచేస్తూ జీవితమంతా ఆ కొండల్లోనే తిరిగారు. అందువల్ల శిఖరం చేరడం అనే మాటకు ఆ పుస్తకంలో పెద్దగా చోటు లేదు. నీరు, మంచు, గాలీ వెలుగూ, మొక్కలు, మనుషులు, చివరకు కొండ మీద నిద్రపోవడం కూడా వేరువేరు అధ్యాయాలుగా వస్తాయి. నడుము వంచి రెండు కాళ్ళ మధ్య నుంచి తలకిందులుగా చూస్తే తెలిసిన నేలే కొత్తగా కనిపిస్తుందని ఆమె రాసినది చదివాక నేను కూడా అలా వంగి చూశాను. అప్పటిదాకా నా వైపుకే ఒరిగి ఉన్నాయనుకున్న వాలులు వాటి పాటికి అవి ఉన్నట్టు కనిపించాయి. ప్రయాణానికి ముందు ఒక్క పుస్తకానికే సమయముందని ఎవరైనా అంటే వారి చేతిలో దీనినే పెడతాను.

అయితే ఊరంటే నేల మాత్రమే కాదు. ఎవరి పొలం ఎంతవరకు, అడవి ఎవరిది, పై పచ్చిక మీద ఎవరి పశువులు మేయాలి అన్న లెక్కలు లేకుండా ఏ కొండ ఊరూ బతకలేదు. ఈ లెక్కల అందాన్ని నాకు చూపించినది కథల పుస్తకం కాదు, అర్థశాస్త్రం. 2009లో నోబెల్ పొందిన ఎలినార్ ఓస్ట్రమ్, 1990లో వచ్చిన తన 'గవర్నింగ్ ద కామన్స్'లో స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే ఊరిని ఉదాహరణగా తీసుకున్నారు. ఆ ఊరి మీద మానవశాస్త్రవేత్త రాబర్ట్ నెటింగ్ ఎన్నో ఏళ్ళు పనిచేసి 1981లో 'బ్యాలన్సింగ్ ఆన్ ఎన్ ఆల్ప్' అనే పుస్తకం రాశారు. ఓస్ట్రమ్ ఆధారపడినది ఆయన పని మీదే. టోర్బెల్‌లో ధాన్యం పండే మళ్ళు, పెరళ్ళు, గడ్డి కోసుకునే పొలాలు ఎవరివి వారివి. ఎగువన ఉన్న పచ్చిక బయళ్ళు, అడవి మాత్రం ఊరందరివీ. ఉమ్మడి ఆస్తిని చూసుకోవడానికి ఊరివారు 1483లో పత్రం రాసుకుని సంతకాలు చేశారు. 1517 నాటి కట్టుబాటు ఒకటి ఇంకా గొప్పది: చలికాలమంతా తన మేతతో పోషించుకోగలిగినన్ని ఆవులను మాత్రమే ఎవరైనా వేసవిలో ఉమ్మడి పచ్చిక మీదికి తోలాలి.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పచ్చిక ఎంత విశాలంగా ఉన్నా దాని మీద ఎన్ని ఆవులు మేయాలో నిర్ణయించేది ఆ పచ్చిక కాదు, ఇంటి అటక మీద ఎండిన గడ్డి. ఆ గడ్డి ఎంత ఉంటుందన్నది సొంత పొలాన్ని బట్టి, కోతకు ఉన్న చేతులను బట్టి ఉంటుంది. కాబట్టి డబ్బుండి వేసవిలో బయటి నుంచి పశువులను కొనితెచ్చి, ఉమ్మడి మేత మేపి, చలికి ముందే అమ్ముకునేవారికి ఆ ఊళ్ళో దారి మూసుకుపోయింది. ఇది చదివిన తరువాత కొండ ఊరిలోకి అడుగుపెట్టగానే నా చూపు శిఖరం వైపు కాక ఇళ్ళ పై అంతస్తుల వైపు వెళ్ళడం మొదలుపెట్టింది. ఇదంతా నడిపే మనుషులు పట్నానికి వెళ్ళిపోతే ముందుగా పాడుబడేది ఏదో కూడా అప్పుడే అర్థమైంది: కాలువలు, గట్లు, దారులు, అంటే ఒక్క ఇంటివారు మాత్రమే బాగుచేసుకోలేనివన్నీ.

చరిత్ర వైపు ఆసక్తి ఉన్నవారు ఫెర్నాండ్ బ్రోడెల్ 1949లో ప్రచురించిన మధ్యధరా గ్రంథంలో మొదటి అధ్యాయమైనా చదవాలి. అంత పెద్ద సముద్రం గురించి రాస్తూ ఆయన కొండలతో మొదలుపెట్టారు. మైదానంలో వందల మైళ్ళు సాగిపోయే రాజ్యాలూ మతాలూ కొద్దిపాటి ఎత్తు ఎక్కడానికి ఎందుకు తడబడ్డాయో ఆయన అక్కడ వివరిస్తారు.

అదే విషయాన్ని మనసుకు తాకేలా చెప్పిన పుస్తకం కార్లో లేవీ రాసిన 'క్రైస్ట్ స్టాప్డ్ ఎట్ ఎబోలి'. ముస్సోలినీ ప్రభుత్వాన్ని వ్యతిరేకించినందుకు ఆయనను 1935లో దక్షిణ ఇటలీలోని లుకానియా ప్రాంతానికి ప్రవాసం పంపారు. ఆలియానో అనే బంకమట్టి కొండల ఊళ్ళో ఆయన 1936 వరకు గడిపారు. పుస్తకంలో ఆ ఊరి పేరు గాలియానో అని కొంచెం మార్చారు. క్రీస్తు ఎబోలి అనే ఊరి దగ్గరే ఆగిపోయాడు, మా దాకా రాలేదు అని ఆ రైతులు చెప్పుకునే మాట నుంచే పుస్తకానికి ఆ పేరు వచ్చింది. వారి నోట క్రైస్తవుడంటే మనిషి అని అర్థం, అంటే తమను ఎవరూ మనుషులుగా లెక్కించలేదని వారు చెప్పుకుంటున్నారు. లేవీ చిత్రకారుడు, వైద్యం చదివినా ఆ వృత్తిలో కొనసాగలేదు. అయినా ఆయన ఊళ్ళో అడుగుపెట్టిన రోజే మలేరియాతో చనిపోతున్న మనిషి దగ్గరకు రమ్మని పిలుపు వచ్చింది. రోగుల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా గోడ మీద ఆయనకు రెండు బొమ్మలు కనిపించేవి: ఒకటి విజ్జానో మేరీమాత నల్లని ముఖం, రెండోది అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కళ్ళద్దాల ముఖం. ఇటలీ రాజు బొమ్మ గానీ ముస్సోలినీ బొమ్మ గానీ లేదు. పిల్లలు ఓడెక్కి వెళ్ళిన దేశం వారికి రోము కన్నా దగ్గర. కొండ ఊరి ఇంటి గోడల మీద ఎవరి ఫోటో ఉందో గమనించడం నేను లేవీ దగ్గరే నేర్చుకున్నాను. ఆయన 1975లో మరణించాక ఆలియానోలోనే సమాధి అయ్యారు.

నేను నా ప్రశ్న వెనక ఉన్న తప్పును పూర్తిగా తెలుసుకున్నది మాత్రం జాన్ బెర్జర్ 'పిగ్ ఎర్త్' వల్ల. లండన్‌లో పుట్టిన ఈ రచయిత 1970లలో ఫ్రెంచ్ ఆల్ప్స్‌లోని ఒక రైతు ఊరికి వచ్చి స్థిరపడ్డారు, గడ్డి కోతల్లో ఊరివారితో పాటు పనిచేశారు, ఆ జీవితం మీద మూడు పుస్తకాలు రాశారు. 1979లో వచ్చిన మొదటిది ఒక ఆవును కోసే సన్నివేశంతో మొదలవుతుంది. సున్నితమైన మనసు గలవారు కొంచెం సిద్ధపడి చదవాలి. చివర ఉన్న వ్యాసాన్ని కథల కన్నా ముందే చదవమని నా సలహా. రైతులంటే తరతరాలుగా బతికి బయటపడడమే పనిగా పెట్టుకున్న వర్గం అని ఆయన అందులో వాదిస్తారు. ఊళ్ళోవారు ఒకరి గురించి ఒకరు చెప్పుకునే కబుర్లు చాడీలు కావని, ఊరు తన బొమ్మను తానే గీసుకునే పద్ధతి అని చెప్పిన చోట నాకు చాలా వెలుగు కనిపించింది. అలాంటి బొమ్మలో కొత్తగా వచ్చిన మనకూ ఒక చిన్న చోటు దొరుకుతుంది. ఆ చోట ఎలా కనిపిస్తామన్నది మన ప్రవర్తనను బట్టే ఉంటుంది.

మన దేశపు కొండలకు వెళ్ళేవారికి రెండు పుస్తకాలు తప్పనిసరి అంటాను. మొదటిది రామచంద్ర గుహ 1989లో ప్రచురించిన 'ది అన్‌క్వయట్ వుడ్స్', ఉత్తరాఖండ్ అడవుల చరిత్ర. ప్రశాంతంగా కనిపించే దేవదారు అడవి వెనక రైలు పట్టాల స్లీపర్ల కోసం జరిగిన నరికివేత ఉంది, అధికారుల సామాన్లు మోసే వెట్టి ఉంది. 1921 జనవరిలో బాగేశ్వర్ జాతరలో జనం ఆ వెట్టి దస్త్రాలను సరయూ నదిలో విసిరేశారు. 1973లో చెట్లను కౌగిలించుకుని కాపాడుకునే చిప్కో ఉద్యమం మొదలైనది కూడా కాడి చెయ్యడానికి పనికొచ్చే చెట్టు దగ్గరే: వ్యవసాయ పనిముట్ల కోసం అడిగిన స్థానికులకు ఇవ్వని చెట్లను క్రీడా సామగ్రి తయారీకి ఒక బయటి కంపెనీకి కేటాయించారు. మరుసటి సంవత్సరం మార్చి 26న, మగవారు పరిహారం కోసం చమోలీ వెళ్ళిన రోజున, రేణీ ఊరి స్త్రీలు గౌరాదేవి వెంట అడవికి వెళ్ళి నరకడానికి వచ్చినవారిని వెనక్కి పంపారు. ఇది చదివి ఆ దారిన వెళ్ళేవారు చెట్టును ఫోటో తీసేముందు ఒక్క నిమిషమైనా ఆగుతారని నా నమ్మకం.

రెండవది గోపీనాథ్ మొహంతి 1945 నాటి ఒడియా నవల 'పరజా'. ఆయన ప్రభుత్వాధికారిగా కోరాపుట్ కొండల్లో పనిచేశారు. అటవీ ఉద్యోగి వేసిన జరిమానా కట్టడానికి చేసిన అప్పు ఒక కుటుంబాన్ని సాహుకారు ఇంట వెట్టికి ఎలా దించుతుందో ఆ నవల చూపిస్తుంది. పండుగలు, పాటలు, ప్రేమలు అన్నీ అందులో ఉన్నాయి. అందుకే ఆ పతనం మరింత బాధ కలిగిస్తుంది.

ఒక పుస్తకాన్నే నమ్ముకుంటే వచ్చే ప్రమాదం గురించి కూడా చెప్పాలి. అమెరికాలో అపలాచియా కొండల గురించి హ్యారీ కాడిల్ 1963లో రాసిన 'నైట్ కమ్స్ టు ద కంబర్లాండ్స్' చదివి నేను చలించిపోయాను. ఆయన ఆ కొండల్లోనే పుట్టిన న్యాయవాది. భూమి పైభాగం రైతుకు వదిలి, కింద ఉన్న బొగ్గు హక్కును నామమాత్రపు ధరకు కంపెనీలు రాయించుకున్న పత్రాలు తరువాతి తరాలను ఎలా ముంచాయో ఆయన విప్పి చెప్పారు; ఆ పత్రాల బలాన్ని తగ్గించే రాజ్యాంగ సవరణ కెంటకీలో 1988లో గానీ రాలేదు. కానీ ఆ కొండవారి పేదరికానికి వారి పుట్టుకే కారణమన్న ఆలోచన వైపు కాడిల్ తరువాతి కాలంలో వెళ్ళారు. 2018లో ఎలిజబెత్ క్యాట్ అనే చరిత్రకారిణి రాసిన పుస్తకం ఆ ధోరణిని గట్టిగా ఎదిరిస్తుంది. ఆ ప్రాంతమంతా ఒకే జాతి, ఒకే దైన్యం అని బయటివారు గీసిన బొమ్మను ఆమె చెరిపివేస్తారు. ఏ ప్రాంతం గురించైనా ఒక పుస్తకాన్నీ, దానితో తగవు పెట్టుకున్న మరొక పుస్తకాన్నీ కలిపి చదవడం నాకు ఆ తరువాతే అలవాటైంది.

మరొక జాగ్రత్త ఏమిటంటే, చదివినదంతా అక్కడ అలాగే ఉంటుందని వెతుక్కోకూడదు. నేను ఒకసారి పుస్తకంలోని మనుషుల కోసం వీధి వీధీ చూస్తూ నా ఎదుట నిలబడి మాట్లాడుతున్న మనిషి మాట సగం వినలేదు. ఇప్పుడు పుస్తకాలు ఇంట్లోనే చదవడం పూర్తిచేసి, సంచిలో ఖాళీ నోటుపుస్తకం మాత్రమే పెట్టుకుంటున్నాను.

మూడేళ్ళ తరువాత అదే ఊరికి మళ్ళీ వెళ్ళాను. పెద్దావిడ అరుగు మీదే ఉంది, తాళం వేసిన ఇళ్ళు మరో రెండు పెరిగాయి. ఈసారి పిల్లల గురించి ఏమీ అడగలేదు. "ఈ చలికాలానికి మీ ఆవుకు గడ్డి సరిపోతుందా అమ్మా?" అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి లేచింది, గోడకు ఆనించిన నిచ్చెన ఎక్కి అటక తలుపు తోసి, పైకి రమ్మని చెయ్యి ఊపింది. లోపల గడ్డి నడుము ఎత్తు వరకే ఉంది. పై దూలం మీద పాత గీత ఒకటి వేలితో చూపించి, ఒకప్పుడు అక్కడి దాకా ఉండేదని, అప్పుడు ఇంట్లో కోతకు ఆరుగురు ఉండేవారని చెప్పింది.