సాండాల గుడ్డ

పదకొండు దాటినా నిద్ర రావడం లేదు. సాయంత్రం ఇక్కడి జోధ్‌పూర్ బజారులో ఒకడు రోడ్డు పక్కన గుడ్డ పరిచి, దాని మీద సాండాలనే ముళ్లతోక బల్లులను పడుకోబెట్టి, పక్కనే స్టవ్వు మీద వాటి కొవ్వు కరిగిస్తున్నాడు. అవి బతికే ఉన్నాయి గానీ కదలలేవు, పారిపోకుండా ముందే నడుము విరిచేస్తారు. ఒకదాని తొడ ముందున్న నల్లమచ్చ నాకు స్పష్టంగా కనిపించింది. "రోడ్డు మీద గొడవెందుకు, పద" అంటూ ఈయన నా మోచెయ్యి పట్టుకుని నడిపించేశారు. ఆ మాటే గుచ్చుతోంది.

రెండేళ్ల కిందట వేసవి మొదట్లో, ఇదే రాజస్థాన్‌లోని అభయారణ్యం తాల్ ఛాపర్‌లో చూసిన సాండా గుర్తుకొచ్చింది. పొద్దున్నే బొరియలోంచి సగం బయటికి వచ్చి, బూడిదరంగు ఒంటిని నేలకు పరిచి ఎండ కాచుకుంది. ఒళ్లు వేడెక్కేసరికి ఇసుకరంగుకు తిరిగింది. ఉడుములా వేటాడే జంతువు కాదిది, పెద్దయ్యాక దాని తిండి ప్రధానంగా ఆకులు, పువ్వులు, గింజలే. సాయంత్రం లోపలికి దూరి, లోపలి నుంచే మట్టి నెట్టుకుంటూ, దీపాలవేళ దాటగానే మా అమ్మమ్మ గడియ వేసుకున్నట్టు గుమ్మం మూసేసుకుంది. కాసేపటికి అక్కడ బొరియ ఉందన్న జాడే లేదు. రెండు మీటర్లకు పైగా తవ్వుకున్న ఆ ఇంట్లోనే చలికాలమంతా తిండి లేకుండా నిద్రపోతుంది. అందుకోసం ఒంట్లో దాచుకున్న కొవ్వునే ఆ స్టవ్వు మీద కరిగిస్తున్నారు.

అమ్మేవాడిని తిట్టాలనే రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా కోపం, స్కూటర్ ఆపి సీసా కొని, రెండోది కూడా ఇమ్మని అడిగిన ఆ ఇస్త్రీ చొక్కా మనిషి మీదికి పోతోంది. కీళ్లనొప్పులకూ మగతనానికీ పనిచేస్తుందంటూ కొనే ఆ నూనె ఉత్త కొవ్వే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సాండాను పట్టడమూ, అమ్మడమూ నేరం. కొనేవాళ్లు లేకపోతే ఎండలో ఆ బొరియలను తవ్వే అవసరం ఎవరికుంటుంది?

ఈయన మీద కోపం మాత్రం ఇంతసేపూ తగ్గలేదు. తాల్ ఛాపర్‌లో ఆ రోజు నేను దాహమంటూ లేచినా, సాండా బెదురుతుందని కదలకుండా గంటసేపు కూర్చున్నది ఈయనే కదా, ఈ రోజు ఎలా నడిచి వచ్చేయగలిగారు అనుకుంటూనే రాస్తున్నాను. ఇప్పుడే మంచినీళ్లకు లేచి వచ్చి, దీపం వెలుగుతుండటం చూసి గుమ్మంలో ఆగారు.

"ఆ ఐదింటిలో చివరిది మరీ చిన్నది కదూ" అన్నారు.

నేను లెక్కపెట్టలేదు.