కరెంటు బిల్లు వెనక తోట రాముడు

నిద్ర పట్టక లేచి రాస్తున్నా. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

మధ్యాహ్నం చిన్నాడు గచ్చిబౌలి నుంచి వచ్చాడు. తిన్న కంచం అక్కడే వదిలేసి, టీవీ పక్కనున్న కరెంటు బిల్లు తిప్పి గీతలు మొదలుపెట్టాడు. చీటీలా పొడుగ్గా ఉంటుంది కదా, ఏడు గళ్లూ నిలువునా సరిపోయాయి. వాడికేదో సెమినార్ అట. ప్రాప్ అనే రష్యా ఆయన 1928లో జానపద కథల్ని విప్పి చూస్తే 31 పనులూ, ఏడు రకాల పాత్రలూ తేలాయట. ఆ ఏడు పాత్రల గళ్లలోకి 1951 నాటి 'పాతాళభైరవి' సినిమాని దింపుతున్నాడు.

"అత్తా, తోట రాముడికి వ్యక్తిత్వం అంటూ ఏం లేదు. కథ నడవాలంటే అక్కడ ఒకడు నిలబడాలి, అంతే" అన్నాడు.

ఎన్టీఆర్ నిలబడిన చోటు ఖాళీయా! రష్యా కథలకు కుట్టిన చొక్కా మన కాశీ మజిలీ కథల పిల్లాడికి తొడిగి, పొట్టయిందని చేతులు కోస్తారా అని అరిచాను. మా ఆయన పేపర్ చాటున నవ్వారు. దాంతో ఇంకా మండింది.

రాత్రి గిన్నెలు తోముతుంటే వాడి కంచం చేతికొచ్చింది, ఎందుకో నాన్న గుర్తొచ్చారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షో. నా చేతిలో సమోసా పొట్లం, రాముడు కనబడితే చాలు హాలంతా ఈలలు. నాన్న పెదాలు మాత్రం మాంత్రికుడి వేషంలో ఉన్న ఎస్వీ రంగారావుతో పాటే కదిలేవి, 'డింభకా' అన్నప్పుడల్లా భుజం కూడా ఎగిరేది. బయటికొచ్చాక, రాముడు నచ్చలేదా అని అడిగాను. "వాడిదేముందే, అందగాడు. సంపద తెస్తేనే పిల్లనిస్తానన్నాడు రాజు. దారి చూపించింది మాంత్రికుడే కదా" అన్నారు.

చిన్నాడి గళ్లలో మాంత్రికుడు మూడుచోట్ల ఉన్నాడు: పంపేవాడు, ఇచ్చేవాడు, ఎత్తుకుపోయేవాడు. రాముడు ఒక్కచోటే. నాన్న చెప్పిందీ ఇదేగా, గళ్లు గీయకుండా.

అయినా పూర్తిగా ఒప్పుకోను. తనను బలివ్వడానికి తెచ్చిన మాంత్రికుణ్ణే రాముడు బలిచ్చేస్తాడు. ఆ కుట్ర ముందే చెప్పింది అప్సరస కాబట్టి అదీ వాడి తెలివి కాదంటాడు చిన్నాడు. మరి కత్తి ఎత్తిందెవరు?

ఆ బిల్లు పొద్దున పట్టుకెళ్తాడట. నంబరు ఫొటో తీసుకున్నా, కట్టాలిగా. సహాయకుడి గడిలో, రాముడి వెంట ఉండే అంజి లేడు. పెన్ను తెచ్చి నేనే రాశాను.