నా అనుభవం: డెంగీ క్లోన్ చేతికొచ్చేసరికి

వైరాలజీలో పీహెచ్‌డీ అనగానే అందరూ అడిగేది ఒకటే: "నీకు అంటుకోదా?" అంటుకోలేదు. డెంగీ వైరస్ నన్నేమీ చేయలేదు. నా ఉసురు పోసుకుంది ల్యాబుల్లో అమాయకంగా పెరిగే ఈ.కోలై బ్యాక్టీరియా.

ఇంటర్వ్యూ, కోర్సు వర్కు, బయోసేఫ్టీ శిక్షణ, వీటి గురించి చెప్పుకోడానికేం లేదు, గడిచిపోయాయి. సెల్ కల్చర్ కూడా తొందరగానే అబ్బింది. ఒక్క మాట: ఎవరు సెల్స్ ఇచ్చినా మైకోప్లాస్మా (కల్చర్‌లో గుట్టుగా చేరిపోయే బ్యాక్టీరియా) టెస్టు చేశాకే వాడండి. "మా దగ్గర అలాంటివేం ఉండవు" అనేవాళ్లు ఇచ్చినవాటికైతే రెండుసార్లు చేయండి.

నాకిచ్చిన పని డెంగీ ఇన్ఫెక్షియస్ క్లోన్. ఈ వైరస్ జీనోమ్ దాదాపు 10,700 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ. దాన్ని డీఎన్‌ఏగా మార్చి ప్లాస్మిడ్‌లో (ఈ.కోలైలో పెంచుకునే గుండ్రటి డీఎన్‌ఏలో) పెట్టుకుంటే, కావాల్సిన చోట మ్యుటేషన్ చేసుకుని, మళ్లీ ఆర్‌ఎన్‌ఏ తీసి సెల్స్‌లోకి ఎక్కించి వైరస్‌ను పుట్టించవచ్చు. రాకనియెల్లో, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు ప్లాస్మిడ్ నుంచి పోలియో వైరస్‌ను 1981లోనే పుట్టించి చూపించారు. "పాత టెక్నిక్కే, ఆర్నెల్లు చాలు" అన్నారు మా గైడ్.

ముక్కలు విడివిడిగా బుద్ధిగానే క్లోనయ్యాయి. అన్నీ కలిపాక మొదలైంది అసలు కథ. తెల్లారేసరికి ప్లేటు నిండా లావుపాటి కాలనీలు, చూడముచ్చటగా ఉండేవి. ప్లాస్మిడ్ తీసి, ఎంజైముతో కోసి జెల్ మీద నడిపితే ఉండాల్సిన బ్యాండ్ (డీఎన్‌ఏ ముక్క గీత) ఒకటి ఉండేది కాదు. బ్యాండ్లన్నీ కనిపించిన ఒక క్లోన్‌ని ఆశగా సీక్వెన్సింగ్‌కి పంపితే వైరస్ పైపొర ప్రొటీన్‌ని చేసే ఎన్వలప్ జీన్‌లో ఫ్రేమ్‌షిఫ్ట్, అంటే అక్షరాలు జరిగి అక్కణ్నుంచి ప్రొటీన్ అంతా తప్పే. ఇంకోదాంట్లో ఈ.కోలై తన సొంత ఇన్సర్షన్ సీక్వెన్స్‌ని (చోటు మారే డీఎన్‌ఏ ముక్కని) తెచ్చి మధ్యలో కూర్చోబెట్టింది.

ఈ జెల్ ఫొటోలన్నీ మా పీహెచ్‌డీ పని సమీక్షించే కమిటీ ముందు పెట్టాను. ఒక పెద్దాయన స్క్రీన్ వంక చూడనైనా చూడకుండా, "ఏమ్మా, పైపెట్ పట్టుకోవడం ఎవరు నేర్పారు?" అన్నాడు. అందరూ నవ్వారు. "ఎమ్మెస్సీ పిల్లలు చేసే క్లోనింగ్ కదా ఇది" అని పక్కనున్నావిడ అందుకుంది. మా గైడ్ కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు తప్ప నోరు విప్పలేదు. "విద్యార్థిని ప్రాథమిక నైపుణ్యాలు మెరుగుపరచుకోవాలి" అని రాసి, నా చేత కూడా సంతకం పెట్టించారు. ఆ కాగితం పారేయలేదు. తర్వాత అదే పని మా సీనియర్‌కి అప్పగించారు. అతని జెల్‌లోనూ అదే బ్యాండ్ మాయం. అతని పైపెట్ గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

పాత పేపర్లు తిరగేస్తే సంగతి తెలిసింది. 1989లో చార్లెస్ రైస్ బృందం డెంగీకి చుట్టమైన ఎల్లో ఫీవర్ వైరస్‌కి ఈ పని చేసినప్పుడు పూర్తి జీనోమ్‌ని ఒకే ప్లాస్మిడ్‌లో ఉంచలేదు. రెండింట్లో ముక్కలుగా పెట్టి, ఆఖర్న ట్యూబులో అతికించారు. 2020లో హెపటైటిస్ సి పనికి నోబెల్ పంచుకున్న రైస్ ఈయనే. ఆయనకీ పైపెట్ పట్టుకోవడం రాదేమో మరి!

డెంగీ, ఎల్లో ఫీవర్ లాంటి ఫ్లావివైరస్‌ల జీనోమ్‌లో బ్యాక్టీరియా ప్రమోటర్లను (జీన్‌ని ఇక్కణ్నుంచి చదవమని చెప్పే గుర్తులను) పోలిన వరసలు ఉంటాయి. వాటిని పట్టుకుని ఈ.కోలై వైరల్ ప్రొటీన్ ముక్కలు తయారుచేస్తుంది, అవి దానికే విషం. అందుకని జీనోమ్‌ని తెంపుకున్న కణాలు ఏపుగా పెరుగుతాయి, మొత్తం మోసేవి ఈసురోమంటూ ఉంటాయి. మా ల్యాబ్ ప్రోటోకాల్‌లోనేమో "బాగా ఎదిగిన కాలనీ తీసుకోవాలి" అని ఉంది!

ఒక్కో కణంలో కాపీలు తక్కువైతే విషమూ తగ్గుతుందని, తక్కువ కాపీల వెక్టర్ (జీనోమ్‌ని మోసే ప్లాస్మిడ్) కావాలని ఇండెంట్ పెడితే "ఉన్నదానికేమైంది?" అని కొనుగోళ్ల సెక్షన్ ఫైలు తిప్పి పంపింది. వేరే ల్యాబ్‌లో ఒక పోస్ట్‌డాక్‌ని అడిగి తెచ్చుకున్నాను. మీరూ అంతే చేయండి, ఫైళ్లను నమ్ముకుంటే వయసైపోతుంది. ప్లేట్లను 37 డిగ్రీల్లో కాకుండా 30లో పెట్టాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు సాయంత్రానికి దీపానికి అడ్డంపెట్టి చూస్తే తప్ప కనబడనంత సన్నటి చుక్కలు వచ్చాయి. లావువాటిని వదిలేసి వాటినే ఏరాను. బ్యాండ్లన్నీ ఉన్నాయి, సీక్వెన్స్ కూడా సరిపోయింది.

తర్వాత ఇబ్బంది లేదు. ఆర్‌ఎన్‌ఏ తీసి బీహెచ్‌కే-21 అనే హ్యామ్‌స్టర్ కిడ్నీ సెల్స్‌లోకి ఎక్కించాను, వైరస్ వచ్చింది, ప్లాక్‌లు (వైరస్ సెల్స్‌ని చంపిన చోట పడే ఖాళీ మచ్చలు) కట్టింది.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు సీపీఈఆర్ గురించి చదవండి. పీసీఆర్‌తో కాపీలు తీసిన జీనోమ్ ముక్కలను ట్యూబులోనే గుండ్రంగా కలిపి నేరుగా సెల్స్‌లోకి పంపుతారు, ఈ.కోలై జోలికే పోనక్కర్లేదు. కాకపోతే పీసీఆర్‌లో దొర్లే తప్పుల మీద ఓ కన్నేసి ఉంచాలి.

మొన్నటి కమిటీలో ఆ పెద్దాయనే, "ఇది మీ ఫ్రీజర్లో ఉన్న పాత వైరస్ కలిసిపోయి వచ్చింది కాదని ఏంటి గ్యారంటీ?" అన్నాడు. ఈ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు. ప్రొటీన్ మారకుండా ఒక కొత్త ఎంజైమ్ సైటు (ఎంజైము కోసే చోటు) క్లోన్‌లో గుర్తుగా పెట్టి ఉంచాను. కొత్త వైరస్ ఆర్‌ఎన్‌ఏ నుంచి ఆర్టీ-పీసీఆర్‌తో డీఎన్‌ఏ కాపీలు తీసి కోస్తే రెండు ముక్కలైంది, పాత వైరస్‌ది తెగలేదు. ఆ జెల్ చూపించాక ఇంకెవరూ మాట్లాడలేదు. బయటికొచ్చాక ఆయనే పక్కకి పిలిచి, ఆ ప్లాస్మిడ్ తన విద్యార్థికి ఇస్తావా అని అడిగాడు. మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ మీద ఆయన చేత సంతకం పెట్టించుకునే ఇచ్చాను.