ఇరవై ఏళ్ల లిథియం, ఒక కిడ్నీ రిపోర్టు

2024 వేసవి సెలవులకు ముందు చేయించిన రక్త పరీక్షలో నా క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.2, ఈజీఎఫ్ఆర్ 57 వచ్చాయి. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయో అంచనా వేసే లెక్క ఈ ఈజీఎఫ్ఆర్. 90 పైన ఉంటే నిశ్చింత. 60 కంటే తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టే. నాకు బైపోలార్ డిజార్డర్, అంటే కొన్నాళ్లు లోతైన దిగులు, కొన్నాళ్లు ఉన్మాదపు హుషారు వచ్చే మానసిక జబ్బు. దాన్ని అదుపులో ఉంచే లిథియం అనే మందు మీద ఇరవై ఏళ్లుగా ఉన్నాను. దీర్ఘకాలం వాడితే కొంతమందికి కిడ్నీలు దెబ్బతింటాయని మొదటి రోజే చెప్పారు కాబట్టి ఆ అంకె చూడగానే విషయం అర్థమైంది.

మందు మార్చాలా, వద్దా? ఏడాది పాటు మా ఇంట్లో ఇదే చర్చ. ఇలాంటి రిపోర్టు పట్టుకుని ఒంటరిగా కూర్చున్నవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉంటారు. బయట అడగలేరు. అడిగితే ఏం జబ్బో చెప్పాల్సి వస్తుంది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మా నిర్ణయం వాళ్లకు సరిపోవాలని లేదు, కానీ ఏమేం చూసుకుని ఆ నిర్ణయానికి వచ్చామో తెలిస్తే పనికొస్తుంది.

మేం ఉండేది విజయవాడ సింగ్ నగర్‌లో. ఊరి బయట ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతాను. జబ్బు బీఈడీ రోజుల్లో మొదలైంది. ముందు నెలల తరబడి దిగులు, బతకాలనే కోరిక లేకపోవడం. ఆ తర్వాత నిద్ర అక్కర్లేని హుషారు. గుంటూరు కొత్తపేటలో "నరాల డాక్టరు" అని చెప్పి మా నాన్న తీసుకెళ్లింది మానసిక వైద్యుడి దగ్గరికే. లిథియం అక్కడే మొదలైంది. పెళ్లికి ముందే మా ఆయనకు అంతా చెప్పాం.

కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్ల సలహా మీదే లిథియం మెల్లగా తగ్గించి ఆపారు. మొదటి నెలల్లో బిడ్డ గుండెకు దాని వల్ల ప్రమాదం ఉండొచ్చు. తొమ్మిది నెలలూ బాగానే గడిచాయి. పురుడు పుట్టింట్లో, గుంటూరులో పోసుకున్నాను. బిడ్డ పుట్టిన వారం లోపే నాకు నిద్ర పట్టడం మానేసింది. తెల్లవార్లూ మాట్లాడుతూనే ఉండేదాన్ని. ఈ పిల్ల మామూలు పిల్ల కాదని, లోకానికి చెప్పాల్సిన మాటేదో నా చేతికి వచ్చిందని గట్టిగా నమ్మాను. బాలింతకు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. మా అక్క మాత్రం ఫోన్‌లో నా గొంతు విని, "ఇది పాత జబ్బే, బయల్దేరండి" అంది.

నన్ను ఆస్పత్రిలో చేర్చి లిథియం మళ్లీ మొదలుపెట్టారు. ఆ మందు పాలలోకి వెళ్తుంది కాబట్టి పాపకు డబ్బా పాలు పట్టారు. మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసి పంచుతాం కదా. పాప బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు మా అమ్మ చేసింది. నేను అప్పటికి మంచం మీద లేచి కూర్చోవడం నేర్చుకుంటున్నాను. అడుగులకు అరిసెలు మాత్రం నేనే వండాను. పాకం పట్టింది నేనే, పంచింది నేనే. ఆ తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు.

మందు మార్పు అనే మాట వినగానే నాకు గుర్తొచ్చేది ఆ బొబ్బట్లే. ఫలానా మందు మంచిదా, కాదా అని చదివితే సరిపోతుందనుకునే వాళ్లకు ఇది చెప్పాలి. కుదుటపడి ఏళ్లు గడిచిన మనిషి మందు మారుస్తోందంటే తన ఉద్యోగాన్నీ, పిల్లతో గడిపిన ఏళ్లనూ కూడా తక్కెడలో పెడుతున్నట్టు.

రిపోర్టు తీసుకుని సూర్యారావుపేటలో మా డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆమె పాత రిపోర్టులన్నీ అడిగారు. మా ఆయన ఫైలు తీసి ఏడాది వారీగా పేర్చారు. ఈజీఎఫ్ఆర్ 88, కొన్నేళ్లకు 79, ఆ తర్వాత 74. చివర్లో ఒక్కసారిగా 57. "ఇంత తొందరగా పడిపోవడం లిథియం ఒక్కదాని పనిలా లేదమ్మా. మార్పు సంగతి తర్వాత మాట్లాడదాం. మీరు వేసుకునే ప్రతి బిళ్లా తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి" అన్నారు.

నేను ఎక్కువసేపు చెప్పాలనుకునేది ఈ బల్ల మీద తేలిన విషయం గురించే. లిథియం కూడా ఒక లవణమే. కిడ్నీ దాన్ని ఉప్పులో ఉండే సోడియంతో పాటే పట్టి ఉంచుకుంటుంది, సోడియంతో పాటే వదులుతుంది. ఒంట్లో ఉప్పు గానీ నీళ్లు గానీ తగ్గితే కిడ్నీ సోడియాన్ని పోనివ్వదు, దాంతో లిథియం కూడా లోపలే నిలిచిపోతుంది. నాకు ముందు ఏడాదే బీపీ బయటపడింది. టెల్మిసార్టాన్ రాశారు, ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయా, అప్పడాలూ ఒక్క రోజులో మానేశాను. మోకాళ్ల నొప్పులకు ఇంకో ఆస్పత్రిలో డైక్లోఫెనాక్ రాశారు. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. నొప్పి మందులైతే కిడ్నీలను నేరుగా కూడా దెబ్బతీస్తాయి. లిథియం వాడుతున్నానని రెండు చోట్లా చెప్పాను. రెండు చోట్లా తలూపి చీటీ రాశారు. ఆ తలూపుడు తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే. పైగా బెజవాడ ఎండలు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో బస్సు దిగి నడిచే మనిషికి చెమట రూపంలో ఎంత ఉప్పూ నీరూ పోతాయో వేరే చెప్పాలా?

లిథియం లెవల్ చూస్తే 1.1 ఉంది. ఈ పరీక్ష రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు చేయించాలి, లేకపోతే అంకెను నమ్మలేం. జబ్బు తిరగబడకుండా ఉండడానికి మామూలుగా 0.6 నుంచి 0.8 చాలు. 1.5 దాటితే విషం కిందే లెక్క. బోర్డు మీద రాస్తుంటే నా చెయ్యి వణకడం అప్పటికే మా పిల్లలు గమనించారు. ఆ వణుకుకు కారణం కూడా తెలిసింది.

డాక్టరు గారు నొప్పి మందు ఆపించారు. మోకాళ్లకు పారాసెటమాల్, వ్యాయామం. బీపీ డాక్టరుతో మాట్లాడి టెల్మిసార్టాన్ బదులు ఆమ్లోడిపిన్ పెట్టించారు. ఉప్పు ఎంత వాడినా రోజూ ఒకేలా వాడమన్నారు. ఒక రోజు ఉప్పిడి కూడు, మర్నాడు గోంగూర పచ్చడి అన్న పద్ధతి వద్దన్నారు. లిథియం మోతాదు కొంచెం తగ్గించి మొత్తం రాత్రికే వేసుకోమన్నారు.

ఈలోపు ఇంట్లో తలో మాట. మా అత్తగారి తమ్ముడు డయాలసిస్ మీదే పోయారు. ఆమె భయం ఆమెది. "ఆ బిళ్లలు నీ కిడ్నీలు తినేస్తున్నాయంట కదమ్మాయ్, ఇన్నేళ్లూ బాగానే ఉన్నావుగా, మానెయ్యరాదూ?" అన్నారు. "అత్తయ్యా, బాగున్నది వాటి వల్లే కదా" అన్నాను. నా చెయ్యి పట్టుకుని ఊరుకున్నారు. మా ఆయనది దీనికి పూర్తిగా ఎదురు. గుంటూరు ఆస్పత్రి వరండాలో పడుకున్న మనిషి, మార్పు మాట వినడానికే సిద్ధంగా లేరు. స్కూల్లో నా జబ్బు సంగతి తెలిసిన ఒకావిడ కిడ్నీలకు ఏదో పసరు మందు చెప్పింది. అందులో ఏముందో తెలియదు కాబట్టి వద్దన్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. "నా పరీక్షలని నువ్వు ఆగిపోవద్దమ్మా. ఏదైనా వస్తే నేను చూసుకుంటా" అంది. నేను ఆ మాట తీసుకోలేదు. పదిహేడేళ్ల పిల్ల చూసుకోవాల్సిన పని కాదది.

మార్చాల్సి వస్తే ఏ మందుకు మారాలి? డాక్టరు గారు ఒక్కోటీ విడమరచి చెప్పారు. వాల్‌ప్రొయేట్ కిడ్నీల మీద భారం వేయదు, ఉన్మాద దశను బాగా అడ్డుకుంటుంది. కాకపోతే బరువు పెరగొచ్చు, జుట్టు రాలొచ్చు, లివర్‌నూ ప్లేట్‌లెట్లనూ చూసుకుంటూ ఉండాలి. పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లకు మాత్రం అది పెద్ద ప్రమాదం, కడుపులో బిడ్డకు లోపాలు తెస్తుంది. క్వెటియాపిన్ నిద్రపట్టిస్తుంది, కానీ షుగరూ బరువూ పెంచుతుంది. మా అమ్మకు షుగర్. పైగా పొద్దున్నే మత్తు దిగకుండా మొదటి పీరియడ్‌లో పద్యం చెప్పాలంటే ఎలా? లామోట్రిజిన్‌తో ఈ బాధలు తక్కువ. కానీ అది దిగులు దశను ఆపినంతగా ఉన్మాదాన్ని ఆపదు, నాకు ప్రమాదం అటు వైపు నుంచే. దాన్ని 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి మెల్లగా పెంచాలి. తొందరపడితే ఒళ్లంతా ప్రాణాంతకమైన దద్దుర్లు రావొచ్చు.

లిథియంకు ఒక గుణం ఉంది. ఆత్మహత్యలను తగ్గిస్తుందని ఇన్నేళ్ల పరిశోధనల్లో దానికి ఉన్నంత పేరు ఇలాంటి మరో మందుకు లేదు. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు రోగులకు ఇచ్చి చూసి 1949లో ప్రకటించిన ఈ సాదా లవణాన్ని ఇప్పటికీ పక్కన పెట్టలేకపోవడానికి అదొక కారణం. బీఈడీ రోజుల దిగులు తెలిసిన నాకు ఈ గుణం చిన్నదిగా కనిపించదు.

అలాగని లిథియం మీదే ఉండిపోవడం ఊరికే రాదు. కిడ్నీలో పాడైన భాగం మందు ఆపినా తిరిగి రాదు. మరీ ఆలస్యం చేస్తే ఆపిన తర్వాత కూడా తగ్గుతూనే పోవచ్చు. కిడ్నీ డాక్టరు గారు ఈ మాట మెత్తబరచకుండా చెప్పారు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని. "భయపడి ఇవాళే ఆపొద్దు, భయపడి ఎప్పటికీ ఆపకుండానూ ఉండొద్దు" అన్నారు.

అప్పుడే 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మీద పడింది. మేం మొదటి అంతస్తులో ఉన్నాం కాబట్టి బతికాం. కింద ఇళ్లు, మందుల షాపులు అన్నీ నీళ్లలోనే. అన్నం పొట్లాలు పడవల మీదా, డ్రోన్ల మీదా వచ్చాయి. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం కరువు. నీళ్లు తగ్గితే నా లిథియం పెరుగుతుందని తెలిసి మా అత్తగారు తన బాటిల్ నా వైపు జరిపారు. ఒక రాత్రి నిద్ర అస్సలు పట్టకపోయేసరికి మా ఆయన పక్కింటి వాళ్ల ఫోన్‌లో 14416కు చేశారు. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, 2022 నుంచి ఉంది. అటు నుంచి తెలుగులోనే మాట్లాడారు, వాంతులు గానీ విరేచనాలు గానీ ఉన్నాయా, చేతులు ఎక్కువగా వణుకుతున్నాయా అని అడిగారు. అవేమీ లేవు.

నీళ్లు తీశాక ఇల్లు కడుగుతూ నేను ఆలోచించింది ఒకటే. ఆ రోజుల్లో నేను మార్పు మధ్యలో ఉండి ఉంటే? లామోట్రిజిన్ అయిదు రోజులకు మించి ఆగితే మళ్లీ 25 నుంచి మొదలుపెట్టాలి. అటు లిథియం సగానికి తగ్గి ఉంటుంది, ఇటు కొత్త మందు ఇంకా అంది ఉండదు. ఏ మందు అనే ప్రశ్న ఎంత పెద్దదో, ఏ కాలంలో అనే ప్రశ్నా అంతే పెద్దదని నాకు అప్పుడు తెలిసింది.

2025 మొదట్లో చేసిన పరీక్షల్లో లిథియం లెవల్ 0.6, క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్ఆర్ 63. చేతి వణుకు తగ్గింది. పాత 74 రాలేదు, వస్తుందని ఎవరూ ఆశ పెట్టలేదు. ఆ అంకెలు ముందు పెట్టుకుని డాక్టరు గారు, నేను, మా ఆయన, అక్క కూర్చుని నిర్ణయం తీసుకున్నాం. ప్రస్తుతానికి లిథియం ఉంటుంది. మూడు నెలలకోసారి పరీక్ష, ఎండాకాలం ముందు ఒకటి తప్పనిసరి. ఈజీఎఫ్ఆర్ 45కు దిగినా, వరసగా పడుతూ పోయినా వాల్‌ప్రొయేట్‌కు మారతాం. లిథియం ఒక్కసారిగా ఆపం. కొత్త మందు అందుకునే దాకా మూడు నెలల పాటు మెల్లగా తగ్గిస్తాం. వానాకాలంలోనూ, పదో తరగతి పరీక్షల రోజుల్లోనూ మొదలుపెట్టం.

ఇదంతా కాగితం మీద పెట్టాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నేను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న రోజున నా తరఫున మాట్లాడే మనిషిని నేనే ముందుగా ఎంచుకోవచ్చు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, ఆ మనిషి కూడా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. నేను అక్క పేరు రాశాను. మా ఆయన ఒక్క క్షణం చిన్నబుచ్చుకుని, "నిజమే, నీ గొంతులో తేడా ముందు ఆమెకే తెలుస్తుంది" అన్నారు. ఏ లక్షణాలు కనిపిస్తే నన్ను అడగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలో కింద నేనే రాశాను. వరసగా రెండు రాత్రులు మూడు గంటల కంటే తక్కువ నిద్ర. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ డబ్బు ఇచ్చేయడం. అర్ధరాత్రి పాత స్నేహితులకు ఫోన్లు. ఒక కాపీ అక్క దగ్గర, ఒకటి డాక్టరు గారి ఫైల్లో, ఒకటి మా బీరువాలో ఉన్నాయి.