తల వంచుకుని చదువుకోమనే ఇంట్లో టస్కీగీ పైలట్ల కథ

మన పిల్లలకి మనం ఎప్పుడూ చెప్పేది ఒకటే కదా, ఎవరితోనూ గొడవలొద్దు, తల వంచుకుని నీ పని నువ్వు చూసుకో, బాగా చదివితే గౌరవం దానంతటదే వస్తుంది అని. మా ఇంట్లోనూ అంతే. మేముండేది అట్లాంటాలో. ఐ-85 ఎక్కితే రెండు గంటల్లో అలబామాలోని టస్కీగీ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు అమెరికా సైన్యం నల్లజాతి పైలట్లకి శిక్షణ ఇచ్చిన ఊరు అది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, వాళ్లు శిక్షణ పొందిన అక్కడి విమాన మైదానం మోటన్ ఫీల్డ్ చూసొచ్చిన దగ్గర్నుంచీ నా మాట చెల్లడం లేదు.

ఎందుకంటే మనం చెప్పేదంతా తు.చ. తప్పకుండా చేసిన మనిషి కథ అక్కడే ఉంది. బెంజమిన్ డేవిస్ జూనియర్ అనే నల్లజాతి యువకుడు 1932లో ఆర్మీ ఆఫీసర్లని తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీలో చేరితే, నాలుగేళ్లపాటు తోటి కేడెట్లు డ్యూటీకి సంబంధించి తప్ప ఆయనతో పలకలేదు. గదిలో ఒక్కడే, భోజనమూ ఒక్కడే. 276 మందిలో 35వ ర్యాంకు తెచ్చుకుని పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, నల్లవాళ్లకి విమాన దళమే లేదు పొమ్మన్నారు. నల్లవాళ్లకి అంత తెలివీ ధైర్యమూ లేవని 1925లోనే ఆర్మీ వార్ కాలేజీ నివేదిక రాసి పెట్టుకుంది మరి! చివరికి 1941లో టస్కీగీలో శిక్షణ మొదలైంది. తొలి బ్యాచ్‌లో 13 మంది చేరితే 1942 మార్చిలో పైలట్ల రెక్కల బ్యాడ్జీ అందుకున్నది ఐదుగురు, వాళ్లలో డేవిస్ ఒకరు.

తర్వాత ఇటలీ నుంచి ఆయన నాయకత్వంలోనే 332వ ఫైటర్ గ్రూప్, తోకకి ఎర్ర రంగు వేసిన విమానాలతో బాంబర్లకి కాపలాగా వెళ్లింది. వాళ్లు కాపలా కాసిన బాంబర్ ఒక్కటి కూడా కూలలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. ఎయిర్‌ఫోర్స్ చరిత్రకారులు రికార్డులు తిరగేస్తే దాదాపు 27 కూలాయని తేలింది, అయినా అదే పని చేసిన మిగతా గ్రూపుల సగటు కంటే చాలా తక్కువే. నాకైతే ఈ లెక్కే నచ్చింది. నూటికి నూరు తెస్తేనే మనిషిగా చూస్తారా ఏంటి?

అలెగ్జాండర్ జెఫర్సన్ అనే పైలట్ సంగతి మా అమ్మాయికి బాగా పట్టుకుంది. 1944 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్స్‌లో విమానం కూలిపోయి జర్మన్లకి దొరికాడు. ఆ జైలు శిబిరంలో ఆయన్ని తెల్ల ఆఫీసర్లతో పాటే ఉంచారు. విడుదలై ఓడలో న్యూయార్క్ చేరి దిగుతుంటే, తెల్లవాళ్లు ఇటు, నల్లవాళ్లు అటు అని విడదీశారు!

"అది వాళ్ల చరిత్ర, మనకెందుకు" అంటారు మా స్నేహితులు కొందరు. 1964 పౌర హక్కుల చట్టం వాళ్ల పోరాటంతో వచ్చింది, ఆ ఊపులోనే మరుసటి ఏడాది వలస వచ్చేవాళ్లకి పెట్టిన దేశాలవారీ కోటాలు ఎత్తేశారు. మనవాళ్లు ఇంతమంది ఇక్కడికొచ్చింది ఆ తలుపులోంచే.

మా ఇంట్లో అసలు తంటా తెచ్చింది మాత్రం ఫ్రీమన్ ఫీల్డ్ అనే సైనిక విమాన స్థావరంలో జరిగిన సంగతి. 1945 ఏప్రిల్, ఇండియానా. అక్కడి కమాండర్ నల్ల ఆఫీసర్లందరికీ "ట్రైనీలు" అని పేరు పెట్టి తెల్లవాళ్ల క్లబ్బులోకి రాకూడదన్నాడు. వాళ్లేమో కొద్దిమంది చొప్పున లోపలికి నడిచారు, అరెస్టయ్యారు. తర్వాత ఆ రూలు చదివి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టమంటే 101 మంది పెట్టలేదు. యుద్ధకాలంలో పై అధికారి ఆజ్ఞ ధిక్కరిస్తే మరణశిక్ష దాకా పడొచ్చు, అది తెలిసే పెట్టలేదు. చివరికి ఒక్కరికే శిక్ష పడింది, అదీ జరిమానాతో పోయింది, 1995లో ఎయిర్‌ఫోర్స్ దాన్నీ కొట్టేసింది.

ఇదంతా విని మా అమ్మాయి వాళ్ల నాన్నని పట్టుకుంది, నువ్వైతే సంతకం పెట్టేవాడివా అని. "గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఎవరు ఏ కాగితం ఇచ్చినా పెట్టేస్తానే తల్లీ" అన్నాడాయన నవ్వుతూ. అది నవ్వలేదు. "వాళ్లకి ప్రాణమే పోయేది కదా నాన్నా" అంది. ఇక ఆ రాత్రి పదకొండు దాకా ఇద్దరికీ వాదనే, నేను ఎవరి వైపూ మాట్లాడలేదు.