కొసరు

పోయిన ఆగస్టులో, షార్జాలో నేను చూసుకునే మా కంపెనీ స్టోర్‌లో స్టాక్ లెక్క చూశారు. కేబుల్ చుట్టలు, పైపులు, బోల్టులు, హెల్మెట్లు అన్నీ పుస్తకంతో సరిపోయాయి. చేతి గ్లవ్స్ మాత్రం 14 జతలు తక్కువ వచ్చాయి. మేనేజర్ సార్ నన్ను పిలిచి, ఆఫీసులో నలుగురి ముందు హిందీలో ఒక మాట అన్నాడు. "ఇదేమన్నా మీ ఊళ్ళో మీ నాన్న పెట్టిన కిరాణా దుకాణమా, వచ్చినవాడికల్లా గుప్పెడు ఎక్కువ వెయ్యడానికి?"

మా నాన్నకు ఏ దుకాణమూ లేదు. కోరుట్ల దగ్గర రెండెకరాల పసుపు చేను ఉండేది, అదీ నా వీసా కోసం కుదువ పెట్టాడు. కానీ ఆ మాట నేను అనలేదు. "సారీ సార్" అని బయటికి వచ్చాను.

ఆ గ్లవ్స్ నేను అమ్ముకోలేదు, ఎవరికీ దాచిపెట్టలేదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆగస్టు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. పొద్దున ఆరింటికి వేసుకున్న గ్లవ్స్ పది కాకముందే చెమటకు తడిసి ముద్దవుతాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ ప్రభుత్వ నియమం ఉంది, మా కంపెనీ కూడా పాటిస్తుంది. కానీ మూడింటికి మళ్ళీ వేసుకోవాల్సింది ఆ తడి గ్లవ్సే. కొత్తవి కావాలంటే ఫోర్‌మన్ సంతకం ఉన్న కాగితం తేవాలి. ఆ సంతకం కోసం నేపాల్ కుర్రాడు ఒకడు ఎండలో సగం సైటు నడిచి రావడం నేను రెండుసార్లు చూశాను. ఆ తర్వాతి నుంచి ఐదు జతలు అడిగితే ఆరు ఇచ్చేవాడిని. "ఒకటి ఎక్కువ ఉండనీ" అనేవాడిని. పుస్తకంలో ఐదే రాసేవాడిని. అలా నెలన్నరలో 14 జతలు అయ్యాయి.

ఆ సాయంత్రం కంపెనీ బస్సు దిగి రోల్లా వైపు నడిచాను. షార్జాలో రోల్లా అంటే మనలాంటి వాళ్ళందరి కూడలి. రోల్లా అంటే మర్రిచెట్టే. ఒకప్పుడు అక్కడ నిజంగానే పెద్ద మర్రి ఉండేదట, 1978లో కూలిపోయింది. చెట్టు పోయినా సెలవు రోజు సాయంత్రం జనం అదే చోట గుంపులుగా కూర్చుంటారు, మన ఊరి రచ్చబండ మీద కూర్చున్నట్టే.

మా బిల్డింగ్ కింద ఒక గ్రోసరీ ఉంది. నడిపేది కేరళలోని కాసరగోడ్ నుంచి వచ్చిన పెద్దాయన. అందరూ ఇక్కా అంటారు, అంటే అన్న అని. నేనూ అంతే. ఆ రోజు అర కిలో టమాటాలు, ఉల్లిగడ్డలు, పెరుగు డబ్బా, ఒక ఖుబూస్ (అరబ్బీ రొట్టె) ప్యాకెట్ తీసుకున్నాను. పదకొండు దిర్హాములా డెబ్బై ఐదు ఫిల్సులు అయింది. ఇక్కా పదకొండున్నర తీసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, నీళ్ళు చల్లిన గోనె కింద నుంచి గుప్పెడు కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు తీసి నా కవర్లో పడేశాడు. నేను అడగలేదు. ఆయన అడిగించుకోడు కూడా.

పదకొండేళ్ళుగా ఆ కవర్లో కరివేపాకు పడుతూనే ఉంది. నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. ఆ రోజు మాత్రం అక్కడే నిలబడిపోయాను. పొద్దున తిట్లు తిన్న మొహానికి తెలియకుండానే నవ్వు వచ్చింది.

"ఏంటి భాయ్, ఎందుకు నవ్వుతున్నావ్?" అన్నాడు ఇక్కా.

"ఏం లేదు ఇక్కా" అన్నాను. కొసరు అనే మాటను హిందీలో ఏమంటారో నాకు తోచలేదు.

రెండు వీధుల అవతల పెద్ద హైపర్‌మార్కెట్ ఉంది. అక్కడా కరివేపాకు దొరుకుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మీద ఎన్ని గ్రాములో, ఎంత ధరో స్టిక్కర్ వేసి ఉంటుంది. 2018 జనవరి నుంచి దాని మీద ఐదు శాతం వ్యాట్ కూడా. ఆకు శుభ్రంగా ఉంటుంది, ఏసీలో చల్లగా ఉంటుంది, తప్పు పట్టడానికేమీ లేదు. కానీ కరివేపాకు కొనడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. మన దగ్గర కరివేపాకు కొనేదేంటి? కూరగాయలు కొంటే వస్తుంది, లేదంటే పక్కింటి చెట్టు నుంచి వస్తుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇదే ఆలోచించాను. ఊళ్ళో వడ్లు కొలిచేటప్పుడు మా తాత మొదటి మానికను "ఒకటి" అనేవాడు కాదు. "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు... అలా చివరి దాకా లెక్కపెట్టి, ఆఖర్న దోసిలితో ఇంకో గుప్పెడు సంచిలో పోసేవాడు. కొన్నవాడు దానికోసం చూసేవాడు. పొయ్యకపోతే "ఏం పటేలా, కొసరు మరిచిపోయినవా?" అని అడిగేవాడు. అంగడిలో అమ్మ వంకాయలు కొంటే తూకం అయ్యాక ఇంకో కాయ తనే తీసి సంచిలో వేసుకునేది, అమ్మే ఆమె వద్దనేది కాదు. అన్నం పెట్టేటప్పుడూ అంతే. అడిగినంత పెడితే అది పెట్టినట్టు కాదు, కొసరి కొసరి వడ్డిస్తేనే పెట్టినట్టు. ఇవన్నీ దాతృత్వం అని ఎవరూ అనుకోలేదు. లెక్క అక్కడితో ముగిసినట్టు, అంతే.

ఇక్కడ అన్నిటికీ లెక్క ఉంది. పొద్దున వేలిముద్ర ఏ నిమిషంలో పెట్టామో యంత్రంలో ఉంటుంది. డబ్బు పంపించేటప్పుడు రూపాయి రేటు పైసల్లో చూస్తాం. దుబాయ్‌లోని దేరా గోల్డ్ సూక్‌లో, అంటే బంగారు బజారులో, చెల్లెలి పెళ్ళికి గొలుసు కొంటే గ్రాము తర్వాత చుక్క పెట్టి రెండంకెలు రాశారు. ఇంటికి పోతే బ్యాగు ముప్పై కిలోలు. ఈ లెక్క మీద నాకు కోపం లేదు. ఆ లెక్క ఉండబట్టే జీతం నెల నెలా బ్యాంకులో పడుతోంది. జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలనే పద్ధతి ఈ దేశంలో 2009లో మొదలైంది. అంతకు ముందు వచ్చిన మా ఊరి పెద్దలు, మూడు నెలల జీతం ఆగిపోయి అడగడానికి భయపడిన రోజుల గురించి చెబుతుంటారు. లెక్క గట్టిగా ఉంటే పేదవాడికే మంచిది, అది నాకు తెలుసు.

అయినా ఈ పదకొండేళ్ళలో నాకు నవ్వు తెప్పించినవి ఏవని గుర్తు చేసుకుంటే, ఒక్కటీ లెక్కలోవి కావు. జుట్టు కత్తిరించే బంగ్లాదేశ్ అబ్బాయి పని అయిపోయి గుడ్డ దులిపాక, రెండు చేతులతో తల మీద టపటపా కొట్టి, మెడ నొక్కి వదులుతాడు. దానికి డబ్బులు లేవు. ఆ రెండు నిమిషాలకే నేను వారం ముందు నుంచి ఎదురుచూస్తాను. పాకిస్తానీ హోటల్లో రెండు రొట్టెలు, ఒక కూర చెప్తే ప్లేటు నిండా ఉల్లిగడ్డ, ముల్లంగి, నిమ్మకాయ ముందే వచ్చి కూర్చుంటాయి. దాల్ అయిపోతే గిన్నెలో ఇంకో గరిటె వేసి వెళ్ళిపోతాడు, మన మొహం కూడా చూడడు. ఇంటికి డబ్బు పంపే ఎక్స్‌చేంజ్‌లో కౌంటర్ దగ్గర ఉండే నిజామాబాద్ తమ్ముడు నేను ఫారం ఇవ్వగానే చిన్నగా అంటాడు, "అన్నా, తొందర లేకుంటే రేపు పంపు, రేటు కొంచెం పెరిగేటట్టున్నది" అని. ఒక్కోసారి పెరగదు. అయినా నేను మర్నాడు అతని దగ్గరికే పోతాను.

రంజాన్ నెల కూడా ఇందులోదే అనుకుంటాను. ఆ నెలలో పని రోజుకు రెండు గంటలు తగ్గుతుంది, ఉపవాసం ఉన్నవాళ్ళకే కాదు, అందరికీ. నేను వచ్చిన మొదటి ఏడు ఇది తెలియక, ముస్లిం కాని నేను నాలుగింటికి ఎలా వెళ్ళాలా అని స్టోర్‌లోనే కూర్చుండిపోయాను. సెక్యూరిటీ పఠాన్ వచ్చి లైటు ఆర్పేసి, "వెళ్ళు, ఈ నెల నీది కూడా" అన్నాడు. దారిలో మసీదు ముందు పొడుగ్గా ప్లాస్టిక్ పట్టా పరిచి ఖర్జూరాలు, మజ్జిగ, బిర్యానీ పెడుతున్నారు. నా చెయ్యి పట్టి కూర్చోబెట్టినాయన పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నేను కూర్చుని తిన్నాను. అమ్మకు ఫోన్ చేసి చెప్తే, "కడుపు నిండ తిన్నవా?" అని ఒక్కటే అడిగింది.

అమ్మ పేరు ఎత్తాను కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టింది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలీ. సేటు మనిషి తీసుకునేటప్పుడు చుట్టు సరిగా లేదని, ఆకు చిరిగిందని కొన్ని పక్కకు తీసేవాడు. పక్కకు తీసినవి తిరిగి ఇచ్చేవాడు కాదు, వాటికి కూలీ కట్టేవాడూ కాదు. అందుకని అమ్మ ప్రతి వెయ్యికీ యాభై ఎక్కువ చుట్టి పెట్టుకునేది. దీపం కింద ఆ యాభై చుట్టడానికే రాత్రి ఇంకో గంట పట్టేది. అదీ కొసరే. మా అమ్మ చేతి నుంచి లాక్కున్న కొసరు. చిన్నప్పుడు నాకు అది తెలియలేదు, అందరూ ఇచ్చేదే కదా అనుకున్నాను.

ఇది గుర్తుకొచ్చాక మంచం మీద లేచి కూర్చున్నాను. ఇక్కా తన దుకాణంలో తన కరివేపాకు ఇస్తున్నాడు. తాత తన వడ్లు తన దోసిలితో పోశాడు. సేటు మనిషి మాత్రం ఇంకొకరి కష్టాన్ని తీసుకున్నాడు. మరి నేను? ఇచ్చింది మంచికే, కానీ ఇచ్చిన వస్తువు నాది కాదు. పుస్తకంలో ఐదు అని రాసి ఆరు ఇచ్చాను. మేనేజర్ సార్ అన్న మాటలో మా నాన్న పేరు రావడం నాకు ఇప్పటికీ నొప్పిగానే ఉంది, అది అనకుండా ఉండాల్సింది. కానీ 14 జతల లెక్క మాత్రం ఆయనదే సరి. ఒప్పుకోవడానికి నాకు చాలా సేపు పట్టింది.

మరుసటి శుక్రవారం రోల్లాలో ఒక సేఫ్టీ సామాన్ల దుకాణంలో రెండు డజన్ల కాటన్ గ్లవ్స్ కొన్నాను, నా డబ్బుతో. పెద్ద ఖర్చేమీ కాదు. స్టోర్‌లో నా టేబుల్ కింది సొరుగులో పెట్టి, మీద కాగితం అతికించి నా పేరు రాశాను. కుర్రాళ్ళు కాగితం తెస్తే ఐదు పుస్తకంలోంచి, ఆరోది సొరుగులోంచి. ఒకరోజు సార్ లోపలికి వచ్చినప్పుడు సొరుగు తెరిచే ఉంది. కాగితం చదివాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. వెళ్తూ ఫోర్‌మన్‌తో, ఎండాకాలం పోయేదాకా పొద్దునే రెండేసి జతలకు సంతకం పెట్టమని చెప్పాడట. ఆ సంగతి నేపాల్ కుర్రాడు చెప్తేనే నాకు తెలిసింది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. తిరిగి వచ్చే ముందు రోజు అమ్మ సకినాలు సర్దుతోంది. తమ్ముడు చేతి తూకం కొక్కేనికి బ్యాగు తగిలించి పట్టుకున్నాడు. టికెట్ మీద ముప్పై కిలోలు రాసి ఉంది. పచ్చడి, పసుపు, బట్టలు పెట్టేసరికే ఇరవై తొమ్మిది దాటింది.

అమ్మ సకినాల పొట్లాలు ఒక్కొక్కటే బ్యాగులో పెడుతూ లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు." తమ్ముడు "ముప్పై అయింది, చాలే అమ్మా" అన్నాడు. అమ్మ వినలేదు. ఇంకో చిన్న పొట్లం తెచ్చింది.

"గిది నీకు కాదు బిడ్డా. గా కరివేపాకు దుకాణపాయనకు ఇయ్యి."

శంషాబాద్‌లో బ్యాగు కన్వేయర్ మీద పెట్టాను. ముప్పై పాయింట్ ఏడు చూపించింది. నేను ఏ పొట్లం బయటికి తీయాలా అని టెన్షన్ పడుతున్నాను. కౌంటర్‌లో అమ్మాయి అంకె చూసింది, నా వెనకున్న వరుస చూసింది, ట్యాగ్ అతికించి బటన్ నొక్కేసింది. బ్యాగు కదిలి లోపలికి వెళ్ళిపోయింది.

షార్జాలో దిగిన సాయంత్రమే ఇక్కా దుకాణానికి పోయాను. పొట్లం విప్పి చూసి, ఇదేంటని అడిగాడు. బియ్యప్పిండి, నువ్వులు, వాము అని చెప్పాను. ఒకటి కొరికి, మా మురుక్కు లాంటిదే, కానీ ఇది ఇంకా గట్టిగా ఉంది అన్నాడు. సైకిల్ మీద సరుకులు చేరవేసే అబ్బాయి కోసం మూడు తీసి కాగితంలో చుట్టి గల్లా పక్కన పెట్టాడు.

అప్పుడే పై అంతస్తు ఈజిప్టు వాళ్ళ చిన్న పిల్లాడు ఖుబూస్ కోసం వచ్చాడు. ఇక్కా నాణెం తీసుకున్నాడు, ప్యాకెట్ ఇచ్చాడు, దాని మీద ఒక సకినం పెట్టాడు. పిల్లాడికి అదేంటో తెలియదు. చక్రంలా ఉన్న దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇక్కా మొహం చూసి, నా మొహం చూసి, అంచున కొంచెం కొరికాడు.