గొట్టంలో నీరు తీసి, వేళ్లకు నీరు పెట్టి

మాది కడియపులంక. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరే తూర్పు డెల్టా కాలువ నీళ్లే మా వైపు నర్సరీలకు ప్రాణం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసిన వారాల్లో తప్ప, మొక్కలకు నీళ్లు ఎలాగా అని మా ఇంట్లో ఎవరూ బెంగపడగా నేను చూడలేదు. అటువంటి ఊళ్లో పుట్టిన నాకు, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ శివార్లలో ఆకురాలే కాలం నేర్పిన మొదటి పని, భూమిలోని గొట్టాల్లో నీటిచుక్క మిగలకుండా ఖాళీ చేయడం.

నేను పెళ్లయి మా వారి వెంట వెళ్లిన దాన్ని. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు 2015 మే నెలలో పని అనుమతి దొరికింది. అంతవరకూ ఇంట్లో కూర్చున్న నేను, ఆఫీసు భవనాల, ఆసుపత్రుల, దుకాణ సముదాయాల ఆవరణల్లో పచ్చదనం చూసే ఒక సంస్థలో చేరాను. "అంత దూరం వెళ్లి మళ్లీ మొక్కల పనేనటే?" అని అమలాపురం నుంచి మా అత్తగారు ఫోన్లో బాధపడ్డారు. నాకు మాత్రం ఆ పనే ఆ దేశంలో నిలదొక్కుకోవడానికి చోటిచ్చింది.

సెప్టెంబరులో పని పచ్చికతో మొదలవుతుంది. అక్కడి పచ్చిక చల్లని వాతావరణాన్ని కోరే రకం. వేసవిలో నీరసించి, ఎండ తగ్గగానే మళ్లీ వేళ్లు పోస్తుంది కనుక, నేలకు యంత్రంతో రంధ్రాలు వేయడం, పలచబడ్డ చోట విత్తనం చల్లడం అప్పుడే ముగించాలి. ఆ నెలలోనే ముఖద్వారాల దగ్గర చామంతులు, రంగు క్యాబేజీలు, వాటి పక్కన గుమ్మడికాయలు పెడతాము. ఒక ఆసుపత్రి ఆవరణలో, ముందు ఏడాది నాటగా బతికి మళ్లీ చిగిర్చిన చామంతి బారులో, దీపస్తంభం కింద ఉన్న మొక్కలు మాత్రం మొగ్గ తొడగలేదు. ఎరువు చాలలేదని తోటివారు అనుకున్నారు. చామంతికి పొడుగు రాత్రి కావాలని, రాత్రి వెలుతురు పడితే మొగ్గ వాయిదా పడుతుందని నాకు చిన్నప్పటి నుంచే తెలుసు. మా వైపు పూతను వెనక్కి జరపడానికే మడుల మీద బల్బులు కట్టి రాత్రిళ్లు వెలిగిస్తారు. ఆ సంగతి చెప్పిన రోజు నుంచి మా ఫోర్‌మన్ నన్ను పనిలో సాటి మనిషిగా చూశాడని నా నమ్మకం.

ఆయన మెక్సికో నుంచి ఏటా కొన్ని నెలల పనికి ఇచ్చే హెచ్-2బి వీసా మీద వచ్చి, చలి ముదిరే వేళకు తిరిగి వెళ్లే మనిషి. నవంబరు మొదటి రెండు రోజులూ వాళ్లు చనిపోయిన పెద్దలను బంతిపూలతో తలుచుకుంటారు. మనం పండగకు గుమ్మానికి కట్టే బంతి పుట్టిల్లు ఆ దేశమేనని నాకు ఆయన వల్లే తెలిసింది.

అక్టోబరులో అసలు పని వస్తుంది. నీరు గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. స్ప్రింక్లరు గొట్టంలో కొద్దిగా నిలిచినా గొట్టమో, నీరు చిమ్మే తలో, మంచినీటి లైనులోకి తోటనీరు వెనక్కి రాకుండా ఆపే ఇత్తడి కవాటమో పగిలిపోతుంది. అందుకని పెద్ద కంప్రెసరు తెచ్చి, నీటి మూలం కట్టేసి, ఒక్కో విభాగంలోకి గాలి పంపుతాము. అన్నిటికన్నా దూరంగా, ఎత్తుగా ఉన్న విభాగంతో మొదలుపెట్టాలి. మెత్తని పాలిథిన్ గొట్టానికి చదరపు అంగుళానికి 50 పౌండ్లు, గట్టి పీవీసీకి 80 పౌండ్ల ఒత్తిడి దాటనివ్వకూడదు. మొదట తల నుంచి నిండు ధార లేస్తుంది. తరువాత అది తుంపులు తుంపులుగా, దగ్గుతున్నట్టు వస్తుంది. ఆ పైన పొగమంచులాంటి తుంపర, చివరికి ఉత్త గాలి చప్పుడు. ఆ చప్పుడు మారిన క్షణమే గాలి ఆపాలి. నీరు లేని గొట్టంలో గాలి ఇంకా కొడితే రాపిడి వేడికి తల లోపలి పళ్లచక్రాలు పాడవుతాయి. మా ఫోర్‌మన్ ఆ సమయంలో కళ్లు మూసుకుని వినేవాడు. నేనూ అలాగే నేర్చుకున్నాను.

ఈ పనిని త్వరగా ముగించాలన్న ఆత్రమే ఒక ఏడాది నా చేత పొరపాటు చేయించింది. ఒక ఆఫీసు ఆవరణకు వాయవ్య మూలన వరుసగా థూజా చెట్లు ఉండేవి. మన కడియం కుండీల్లోని థూజాకు దగ్గరి చుట్టాలే గాని, నిలువెత్తుకు మించినవి. ఆ అక్టోబరులో వానలు లేవు. నేను జాబితా ప్రకారం గొట్టాలు ఊదించి, కవాటాలు సగం తెరిచి, తృప్తిగా సంతకం పెట్టాను. మార్చి వచ్చేసరికి గాలి కొట్టిన వైపు ఆకు మొత్తం ఇటుకరంగుకు తిరిగింది. చలికి మాడిపోయాయనుకున్నాను. కాదు, అవి దాహంతో ఎండిపోయాయి. నిత్యం పచ్చగా ఉండే చెట్టు చలికాలంలోనూ ఎండకూ గాలికీ ఆకుల నుంచి తేమ పోగొట్టుకుంటూనే ఉంటుంది. నేల గడ్డకడితే వేళ్లు ఆ లోటు తీర్చలేవు. డెల్టా బిడ్డనై ఉండీ, మంచు కింద మొక్క నీటికి అల్లాడుతుందని ఊహించలేకపోయినందుకు నాకు ఎంతో సిగ్గువేసింది.

అప్పటి నుంచి నా క్రమం మారింది. గొట్టాలు ఊదించే ముందు ఒకసారి, ఆ తరువాత నేల గడ్డకట్టేలోగా ట్యాంకరుతో మరొకసారి, ఆ చెట్ల మొదళ్లలో పాదులు చేసి నింపాదిగా నీరు పట్టిస్తాను. నేలకు నీరు ఇంకేంత సమయం ఇవ్వాలి. గబగబా పోస్తే అది వాలుకు పోయి కాలిబాట మీద మంచుపలక అవుతుంది. తరువాత గాలివైపు మేకులు పాతి గోనెపట్టా కడతాము. రోడ్డు పక్కన ఆ పట్టా ఉప్పు నుంచి కూడా కాపాడుతుంది. మంచు కరిగించడానికి చల్లే రాతి ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ వరకూ బాగా పనిచేస్తుంది గాని, అది చిమ్మిన చోట పొద మాడిపోతుంది.

పండగ అలంకారాలు కూడా ఈ రోజుల్లోనే మీద పడతాయి. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ దాటగానే అన్ని వాకిళ్లలోనూ దీపాలు వెలగాలని యజమానులు పట్టుబడతారు. గుమ్మడికాయలు తీసేసి, తొట్లలో స్ప్రూస్, దేవదారు కొమ్మలు, ఎర్ర బెరడు పుల్లలు గుచ్చుతాము. మట్టి గట్టిపడక ముందే గుచ్చి నీరు పోస్తే, అది గడ్డకట్టి కొమ్మలను కదలకుండా పట్టుకుంటుంది. నీరు గడ్డకట్టడం మాకు కలిసివచ్చేది అక్కడొక్కచోటే. తులిప్ దుంపలను ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున నాటడమూ అప్పుడే. కొన్ని వారాల చలి తగలనిదే వాటికి పూత రాదు.

ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా నాన్నగారికి చెప్పాను. ఆయన గొప్పు తవ్వుతున్న చెయ్యి ఆపి, "మంచు కురిశాక ఆ చెట్టు బతికుందో లేదో నీకెలా తెలుస్తుందే, అమ్మాయ్?" అని అడిగారు.

"కొమ్మ కొస వంచి చూస్తామండి. వంగితే తేమ ఉన్నట్టు. పుటుక్కున విరిగితే ఎండిపోయినట్టు, నాన్నగారండీ."

ఆయన వెంటనే పక్కనున్న థూజా కొస పట్టుకుని నెమ్మదిగా వంచి, వదిలారు. ఫిబ్రవరి మొదటి వారంలో నేను తిరిగి వెళ్తాను. ఆ వాయవ్య మూలన, గోనెపట్టా లోపలికి చెయ్యి పెట్టి, నవంబరులో నీరు పెట్టిన చెట్ల కొసలు ఒక్కొక్కటీ వంచి చూడాలి.